కొట్టివేయబడిన పేజీ: ఒక సెమినరీ విద్యార్థి తలంపులపై విమర్శ

ఉపోద్ఘాతము

గత విద్యాసంవత్సరములో మా లాలాగూడ సంఘమునకు వారాంతపు పరిచర్య నిమిత్తము ఒక బి.డి. విద్యార్థి వచ్చేవాడు. చదువు ముగిసే ముందు ఆయన తన నోటుపుస్తకమొకటి నా చేతికిచ్చి, "అయ్యగారూ, మొగమాటపడకుండా దిద్దండి" అని కోరాడు. సెమినరీలో గడిపిన సంవత్సరములలో తనకు కలిగిన తలంపులను సిద్ధాంతము, పఠనము, పరిచర్య అను మూడు భాగములుగా అందులో వ్రాసికొన్నాడు. దానినే దిద్ది ఒక వ్యాసముగా ప్రచురించవలెనని ఆయన కోరిక. ఆయన అనుమతితో, పేరు చెప్పకుండా, ఆ వ్రాతను ఆధారము చేసికొని ఈ విమర్శ వ్రాస్తున్నాను. విద్యార్థి తప్పులెంచుట నా ఉద్దేశము కాదు. ఆ వ్రాతలోని బలమూ బలహీనతా మనందరివి. ముప్పది సంవత్సరముల క్రిందట నేను వ్రాసినా ఇంచుమించు అలాగే వ్రాసేవాడను.

నేను చెప్పదలచినది ఒక్కటే. మన విద్యార్థి సెమినరీలో దేవుని గూర్చి "ఆయన" అని మాట్లాడుట నేర్చుకొంటాడు. ఆ నేర్పు తప్పనిసరి. అయితే "నేను", "మేము" అని ఒప్పుకొనుట, "నీవు" అని దేవునితోనే పలుకుట దానితోపాటు ఎదగకపోతే, ఆ సిద్ధాంతము పరిచర్యలో నిలువదు. అలాగే "నీవు" అను ప్రార్థన మాత్రమే ఉండి "ఆయన" అను బోధ లేకపోతే, ఆ భక్తి ఎటు గాలి వీస్తే అటు పోతుంది. ఈ రెండు ప్రమాదములూ నేడు మన సంఘములలో ఉన్నవి.

థీలికే హెచ్చరిక

ఈ నోటుపుస్తకమును చదువుచుండగా జర్మనీ దేశపు లూథరన్ దైవశాస్త్రవేత్త హెల్ముట్ థీలికే (1908-1986) వ్రాసిన చిన్న పుస్తకము జ్ఞాపకము వచ్చినది. వేదాంత విద్యలో అడుగుపెట్టిన యౌవనులకు ఆయన ఇచ్చిన ఉపన్యాసములవి. "ఎ లిటిల్ ఎక్సర్‌సైజ్ ఫర్ యంగ్ థియోలోజియన్స్" అను పేరుతో 1962లో ఆంగ్లములో వెలువడినది. ఒక్క సాయంత్రములో చదివి ముగించవచ్చును. మన సెమినరీ గ్రంథాలయములలో ఈ పుస్తకము దొరికితే ప్రతి విద్యార్థి మొదటి సంవత్సరమే చదువదగినది.

థీలికే మూడు సంగతులు గట్టిగా చెప్పాడు. మొదటిది, సెమినరీ నుండి సెలవులకు ఇంటికి వచ్చిన విద్యార్థి సంగతి. నిన్నటివరకు తనతో కలిసి ప్రార్థించిన సామాన్య విశ్వాసి బైబిలు పాఠము చెప్పుచుండగా, ఇతడు కొత్తగా నేర్చిన పెద్దపెద్ద మాటలతో అతని నోరు మూయిస్తాడు. సత్యము తెలియుట ప్రేమకు సాధనము కాక గెలుపునకు ఆయుధమైపోతుంది. రెండవది, బాలుని కంఠము మారే వయస్సును గూర్చిన ఉపమానము. ఆ వయస్సులో పాడకుండుట మంచిది. అలాగే నేర్చిన సంగతులు ఇంకను స్వంతము కాని కాలములో విద్యార్థి ప్రసంగించకుండుట మేలని ఆయన అభిప్రాయము. మూడవది అన్నిటికంటె లోతైనది. దేవునితో మాట్లాడుట మానివేసి దేవుని గూర్చి మాత్రమే మాట్లాడుట మొదలుపెట్టిన క్షణములో వేదాంతి ప్రమాదములో పడినట్టే. ఏదెను తోటలో సర్పము చేసినది అదే గదా! దేవుడు ప్రక్కన లేనట్టు, ఆయన చెప్పిన మాటను చర్చావిషయముగా మార్చినది (ఆది. 3:1).

ఈ మూడవ హెచ్చరికను మన వ్యాకరణములో చెప్పుట సులభము. "ఆయన" అనునది ప్రథమ పురుష, "నీవు" అనునది మధ్యమ పురుష, "నేను" అనునది ఉత్తమ పురుష. నోటుపుస్తకమును ఈ దృష్టితో మరల ఒకసారి చదివాను. మొదటి పేజీ మొదలు చివరి పేజీ వరకు ప్రథమ పురుషయే. ఒక్క పేజీలో తప్ప. ఆ పేజీని విద్యార్థి తానే అడ్డముగా గీత గీసి కొట్టివేశాడు. దాని సంగతి తరువాత చెప్పుదును.

ఆ హెచ్చరిక మనకు ఎంతవరకు చెల్లును?

థీలికే మాటలను ఉన్నవి ఉన్నట్లు మనము తీసికొనలేము. కంఠము మారేవరకు ప్రసంగించవద్దను సలహా మన దేశములో ఆచరణకు రాదు. మన విద్యార్థి చేరిన మొదటి సంవత్సరములోనే ఆదివారము ఏదో ఒక సంఘమునకు పంపబడుచున్నాడు. అక్కడ పెద్దలు ఆయనకు బైబిలు అందించి "వాక్యము చెప్పండి" అంటారు. కాబట్టి మన ప్రశ్న ఎప్పుడు మాట్లాడవలెనన్నది కాదు, ఏ భాషలో, ఎవరి పక్షమున మాట్లాడవలెనన్నది.

రెండవ సంగతి భాష. జర్మన్ విద్యార్థి తాను చదువుకొన్న భాషలోనే ప్రసంగిస్తాడు. మన బి.డి. విద్యార్థి ప్రధానముగా ఆంగ్లములో చదివి, ఆంగ్లములో పరీక్ష వ్రాసి, తెలుగులో పరిచర్య చేయవలసినవాడు. మనకు పట్టాలిచ్చుచున్న సేరంపూరు 1915లో మొదటి బి.డి. పట్టాలనిచ్చినది. ఆ కళాశాలను 1818లో స్థాపించిన వారిలో ఒకడైన విలియం కేరీ అంతకు ముందే, 1814లో, తెలుగు భాషకు వ్యాకరణము వ్రాసి ప్రచురించాడు. అనగా ఆ విద్యాసంప్రదాయము ఆరంభములోనే మన భాష నేర్చుకొనుట సువార్త పనిలో భాగమని ఎంచబడినది. ఆ భాషలో పుట్టిన మనము దానిని ఆదివారపు అవసరముగా మాత్రమే ఎంచుట విచారకరము.

మూడవ సంగతి థీలికే జీవితమునుండే వచ్చును. ఆయన సంఘ విశ్వాసుల ఆత్మీయ స్పృహను గౌరవించుమని విద్యార్థులకు చెప్పాడు. కాని సంఘమునకు సిద్ధాంతము నేర్పుటను గూర్చి ఆ చిన్న పుస్తకములో ఎక్కువ చెప్పలేదు. తన జీవితములో మాత్రము చేసి చూపించాడు. నాజీ ప్రభుత్వము 1940లో ఆయనను హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయపు ఉద్యోగమునుండి తొలగించినది. 1942 నుండి బిషప్ తియోఫిల్ వుర్మ్ అండతో ఆయన స్టుట్‌గార్ట్ నగరములోని ప్రధాన దేవాలయములో సామాన్య ప్రజలకు క్రైస్తవ సిద్ధాంతమును వారము వారము బోధించాడు. పైన విమానములు, క్రింద మూలుగులు. అయినను జనులు పెద్ద సంఖ్యలో వచ్చి విన్నారు. 1944లో బాంబుదాడులకు ఆ దేవాలయమే శిథిలమైనది. ప్రాణాపాయములో ఉన్న ప్రజలకు సిద్ధాంతమెందుకు అని ఆయన అనుకొనలేదు. ప్రాణాపాయములో ఉన్నందుననే వారికి సిద్ధాంతము కావలెనని తలంచాడు. ఆయన పుస్తకమును ఆయన జీవితముతో కలిపి చదివినప్పుడే మనకు పూర్తి పాఠము దొరుకుతుంది.

సిద్ధాంతము: మంచము ప్రక్కన

నోటుపుస్తకములో సిద్ధాంతమును గూర్చిన భాగము చక్కగా ఉన్నది. త్రిత్వము, నరావతారము, కృప, అంత్యదినములు అను అంశములపై విద్యార్థి శ్రద్ధగా చదివాడు. ఒక అభిప్రాయమును మరియొక అభిప్రాయముతో పోల్చి న్యాయముగా తూచాడు. ఈ పనిని తక్కువగా చూచే కాపరులున్నారు. నేను వారిలో ఒకడను కాను. అయితే ఆ భాగమంతటిలో ఒక్క ప్రశ్న కూడా సంఘమునుండి రాలేదు. ప్రశ్నలన్నీ పుస్తకములనుండే పుట్టి పుస్తకములలోనే ముగిసినవి.

ఇక్కడ నా స్వంత తప్పిదమొకటి ఒప్పుకొనవలెను. అభిషేకము పొందిన కొత్తలో, ఆసుపత్రిలో ఉన్న ఒక వృద్ధ విశ్వాసిని చూడబోయాను. లాలాగూడలో మా సంఘస్థులు చాలామందికి రైల్వేయే జీవనాధారము. 1893లో ఏర్పడిన వర్క్‌షాపులో తాత, తండ్రి, కుమారుడు వరుసగా పనిచేసిన కుటుంబములున్నవి. ఆయన కూడా అక్కడ ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడే. అప్పటికి మాట పడిపోయినది. మంచము ప్రక్కన నిలిచిన ఆయన భార్య నన్ను అడిగినది: "అయ్యగారూ, మా ఆయన ఎక్కడికి పోతున్నడు? గదొక్కటి చెప్పుండ్రి."

నేను జవాబు చెప్పాను. మరణమునకును పునరుత్థానమునకును మధ్యనున్న స్థితిని గూర్చి సంఘములో రెండు అభిప్రాయములున్నవని మొదలుపెట్టాను. ఆత్మ నిద్ర అనువారు ఒకరు, వెంటనే ప్రభువు సన్నిధి అనువారు మరియొకరు. అందులో అబద్ధము లేదు. ఆ తల్లి ఓపికగా విన్నది. నేను ఆగిన తరువాత ఏమియు అనక, భర్త చెయ్యి పట్టుకొని మెల్లగా ఒక కీర్తన ఎత్తుకొన్నది. ప్రభువును "నీవు" అని పిలిచే కీర్తన అది. నేనును గొంతు కలిపాను. ఆ దినము ఆ గదిలో కాపరి ఎవరో నాకు తెలియును.

ఇరువది మూడవ కీర్తనలో ఈ పాఠము వ్రాయబడియున్నది. మొదటి మూడు వచనములలో దావీదు కాపరిని గూర్చి "ఆయన" అని చెప్పుచున్నాడు. నాలుగవ వచనములో గాఢాంధకారపు లోయ రాగానే "నీవు" అని పిలుచుచున్నాడు. పచ్చిక బయలులో బోధగా ఉన్నది లోయలో ప్రార్థనగా మారినది. మారినది కాపరి కాదు, సిద్ధాంతమును కాదు. దావీదు మొగము తిరిగిన దిక్కు మారినది. పచ్చిక బయలులో "ఆయన" అని నేర్చుకొననివానికి లోయలో ఎవరిని పిలువవలెనో తెలియదు. బోధ అంతటితో ఆగిపోయినవానికి పిలువనే రాదు. ఆ తల్లి బాల్యమునుండి సంఘములో విన్న బోధ ఆమె కీర్తనలో దాగియున్నది. నా బోధ మాత్రము అప్పటికింకా కీర్తన కాలేదు.

పఠనము: చదువని పుస్తకములు

పఠనమును గూర్చిన భాగములో విద్యార్థి తనను మలచిన గ్రంథకర్తల పేర్లిచ్చాడు: బార్త్, టిల్లిచ్, మోల్ట్‌మన్, గుతియెరెజ్. వీరు చదువదగినవారే. కాని ఆ జాబితాలో తెలుగు పుస్తకము ఒక్కటియు లేదు. ఇది ఒక్క విద్యార్థి లోపము కాదు. ఎవరు ఆయనకు ఆ పుస్తకములను చూపించారు?

పురుషోత్తమ చౌదరి (1803-1890) సంగతి చూడుడి. బ్రాహ్మణ కుటుంబములో పుట్టినవాడు, శాస్త్రములు చదివినవాడు. క్రైస్తవ కరపత్రము చదివి కదిలింపబడి, 1833లో కటకములో బాప్తిస్మము పొందాడు. అనగా తెలుగు సంఘపు ఈ గొప్ప కీర్తనకారుడు మొదట ఒక పాఠకుడు. తరువాత ఆయన రెండు విధములుగా వ్రాశాడు. "కులాచార పరీక్ష" వంటి రచనలో కులమును తర్కముతో పరీక్షించాడు. అది ప్రథమ పురుష. కీర్తనలలో అదే విశ్వాసమును రాగ తాళములలో దేవుని ఎదుట పెట్టాడు. అది మధ్యమ పురుష. ఒకే మనుష్యుడు, ఒకే సిద్ధాంతము. మన సంఘములు ఆయన కీర్తనలను నిలుపుకొని ఆయన తర్కమును మరచిపోయినవి. అందుకే కులమును గూర్చిన పరీక్ష మన సంఘములలో ఇంకను ముగియలేదేమో అని నా అనుమానము.

ఆర్.ఆర్. సుందరరావుగారు 1983లో ఆంగ్లములో ప్రచురించిన పరిశోధన మన కీర్తనల పుస్తకములోని భక్తి వేదాంతమును అంశముగా తీసికొన్నది. కీర్తనల పుస్తకము పరిశోధనకు తగిన వేదాంత గ్రంథమని అది మనకు చూపించినది. ఆ దారిలో నడిచినవారు తక్కువ. నరావతారమును గూర్చి వ్యాసము వ్రాయు విద్యార్థి క్రిస్మస్ కీర్తనలలో పది ఎన్నుకొని, వాటిలో క్రీస్తు మానుషత్వము ఎంత, దైవత్వము ఎంత, పేదరికము ఎంత అని లెక్కించి చూచినచో, తన సంఘము నిజముగా ఏమి నమ్ముచున్నదో తెలిసికొనగలడు. జాషువ కవి "క్రీస్తు చరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము వచ్చినది. మన విద్యార్థులలో దానిని పూర్తిగా చదివినవారెందరు? తెలుగు పద్యములో క్రీస్తు ఎట్లు నడిచాడో తెలియక తెలుగు ప్రసంగములో ఆయనను ఎట్లు నడిపింతుము?

చదువవలసిన మరియొక పుస్తకము మన పొలిమేరలదే. పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ గారలు 1959లో తెలంగాణ గ్రామములలోని క్రైస్తవులను దగ్గరగా చూచి చేసిన అధ్యయనము 1968లో ఆంగ్లములో వెలువడినది. గ్రామ క్రైస్తవుల విశ్వాసము, ఆరాధన, చుట్టునున్న హైందవ సంస్కృతితో వారి సంబంధము అందులోని విషయము. యాభై సంవత్సరముల తరువాత కార్మన్ గారే చిల్కూరి వసంతరావుగారితో కలిసి ఆ గ్రామములను మరల పరిశీలించగా, ఆ ఫలితము 2014లో పుస్తకమైనది. దాని ఉపశీర్షికలోనే క్షీణత, ఉజ్జీవము అను రెండు మాటలున్నవి. పాత సంఘములు కొన్ని బలహీనమైన చోట స్వస్థత ప్రార్థనలు ముఖ్యముగా గల కొత్త సంఘములు లేచినవి. పట్టా పుచ్చుకొని గ్రామ పాస్టరేటునకు పోనున్న విద్యార్థికి ఈ రెండు పుస్తకములు బార్త్ కంటె తక్కువ అవసరమా?

తెలుగు చదువుటలో మరియొక లాభమున్నది. ఆంగ్లములో ఒకే మాటగా ఉన్నదానిని తెలుగు "మేము", "మనము" అని విడదీస్తుంది. వినేవానిని బయట ఉంచితే "మేము", లోపల చేర్చుకొంటే "మనము". తుపానులో శిష్యులు ప్రభువును లేపిన సందర్భము (మార్కు 4:38) తర్జుమా చేసినవారికి ఇది సమస్యయై యుండవలెను. శిష్యులు నశించుచున్నది తామేనని చెప్పుచున్నారా, దోనెలో నిద్రించుచున్న ప్రభువును కూడా కలుపుకొని చెప్పుచున్నారా? మన బైబిలులో "మేము" అనియే ఉన్నది. వారి భయములో ఆయన చేరలేదు. అయితే ఆయన అదే దోనెలో ఉన్నాడు. ఇమ్మానుయేలు అను పేరునకు మత్తయి చెప్పిన అర్థములో (మత్తయి 1:23) "మనము" వచ్చినది. నరావతార సిద్ధాంతమంతయు ఈ రెండు చిన్న మాటల మధ్య దూరములో ఉన్నదని చెప్పవచ్చును. ఈ సంగతి ఆంగ్ల వ్యాఖ్యానములో దొరకదు.

ప్రసంగీకునికి కూడా ఇందులో పరీక్ష ఉన్నది. పాపమును గూర్చి చెప్పుచు "మీరు" అంటున్నామా, "మనము" అంటున్నామా? నా పాత ప్రసంగములు తీసి చూచుకొన్నాను. పాపము వచ్చిన చోటెల్ల "మీరు", ఆశీర్వాదము వచ్చిన చోటెల్ల "మనము" ఉన్నది.

పరిచర్య: మాత్రలు మానివేసిన సహోదరి

పరిచర్య భాగములో విద్యార్థి స్వస్థత కూడికలను గూర్చి వ్రాశాడు. వాటి సామాజిక కారణములు, ధనాపేక్ష, ప్రసార మాధ్యమముల పాత్ర అన్నిటిని విమర్శించాడు. విమర్శ న్యాయమైనదే. కాని అది ఎవరిని ఉద్దేశించి వ్రాయబడినది? స్వస్థత కూడికకు పోయే స్త్రీ ఆ పేజీలలో "వారు" అను గుంపులో కలిసిపోయినది.

మా సంఘములో ఒక సహోదరి అటువంటి కూడికకు పోయివచ్చి షుగరు మాత్రలు మానివేసినది. మాత్ర మింగితే విశ్వాసము లేనట్టని ఎవరో చెప్పారట. కొన్ని వారములకు కాలిమీది చిన్న పుండు పెద్దదైనది. ఆమె ఇంటికి విద్యార్థిని నాతో తీసికొనిపోయాను. స్వస్థతను గూర్చి పది పేజీలు వ్రాసినవాడు ఆమె ఎదుట ఒక్క మాట చెప్పలేకపోయాడు. నేను మూడు సంగతులు చెప్పాను. పౌలు తిమోతి కడుపు జబ్బునకు ప్రార్థన మాత్రమే చెప్పలేదు, ఆనాటి వైద్యముగా కొంచెము ద్రాక్షారసము చెప్పాడు (1 తిమోతి 5:23). అనేకులను స్వస్థపరచిన అదే పౌలు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచివచ్చాడు (2 తిమోతి 4:20). పౌలు ప్రియమైన సహచరుడైన లూకా వైద్యుడు (కొలస్సీ 4:14). ఆమె కొంతసేపు ఊరకుండి, "అయితే మాత్ర ఏసుకుంటె దేవునికి కోపం రాదా అయ్యగారూ?" అని అడిగినది. రాదన్నాను. ముగ్గురము ప్రార్థించాము. ఆమె కుమార్తె లేచి మాత్రలు, నీళ్లు తెచ్చి ఇచ్చినది.

ఇది గొప్పగా చెప్పుకొనదగిన సంగతి కాదు. ఆ సహోదరి నా సంఘములో ఇరువది సంవత్సరములుగా ఉన్నది. ఈ మూడు వచనములు ఆమెకు ముందుగానే తెలియకపోవుట నా లోపము. ఆమెకు "నీవు" అని ప్రార్థించుట బాగుగా తెలియును. మా అందరికంటె బాగుగా తెలియును. దేవుడు ఎటువంటివాడు, ఏమి వాగ్దానము చేశాడు, ఏమి చేయలేదు అను "ఆయన" బోధ ఆమెకు అందలేదు. ఆ ఖాళీ స్థలములో వేరొకరి బోధ చేరినది. కాబట్టి థీలికే హెచ్చరికను పట్టుకొని, సిద్ధాంతము వద్దు ప్రార్థన చాలు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకొనను. మా సంఘములో సిద్ధాంతము లేకపోవుట ఒక మనిషి కాలిమీద పుండుగా కనబడినది.

కొట్టివేసిన పేజీ

ఇప్పుడు ఆ పేజీ సంగతి. విద్యార్థి అందులో తన తల్లిని గూర్చి వ్రాశాడు. బాల్యములో ఆయనకు తీవ్రమైన జ్వరము వచ్చినప్పుడు తల్లి దేవాలయపు మెట్లమీద కూర్చొని, నీవు వీనిని బ్రదికిస్తే నీ పనికే ఇచ్చివేస్తానని మ్రొక్కుకొన్నదట. తాను సెమినరీకి వచ్చుటకు కారణము అదే అని వ్రాసి, మరల అడ్డముగా గీత గీశాడు. ఎందుకు కొట్టివేశావని అడిగితే, "అది పరిశోధన కాదు కదా అయ్యగారూ, సాక్ష్యము" అన్నాడు.

నా అభిప్రాయములో నోటుపుస్తకమంతటిలో వేదాంతము నిజముగా మొదలైన పేజీ అదే. కొట్టివేయుట పొరపాటు. అయితే దానిని ఉన్నది ఉన్నట్లు అచ్చువేసి కన్నీరు తెప్పించుటయు చాలదు. ఆ పేజీని పరీక్షించవలెను. తల్లి మ్రొక్కుబడిలో ఎటువంటి దేవుడున్నాడు? ఇచ్చి పుచ్చుకొనే దేవుడా, ఉచితముగా ఇచ్చే దేవుడా? మన గ్రామములలో జబ్బు తగ్గితే దేవతకు మ్రొక్కు చెల్లించు వాడుకకును ఈ మ్రొక్కుకును తేడా ఏమి? హన్నా కూడా మ్రొక్కుకొన్నది (1 సమూ. 1:11). కాని సమూయేలును అప్పగించిన తరువాత ఆమె పాడిన పాటలో (1 సమూ. 2:1-10) బాకీ తీర్చిన ఛాయ లేదు, దరిద్రులను లేవనెత్తు దేవునియందలి సంతోషమున్నది. మ్రొక్కుతో మొదలైనది కృపను కొనియాడుటలో ముగిసినది.

ఈ ప్రశ్న కేవలము వ్యాసము కొరకు కాదు. తల్లి బాకీ తీర్చుటకు పరిచర్యలోనికి వచ్చినవాడు, జీతము అందని నెలలో, సంఘము అవమానించిన దినమున, బాకీ తీరిపోయినదని అనుకొనవచ్చును. లేదా ఎన్నటికిని తీరదని క్రుంగిపోవచ్చును. ఇటువంటి మ్రొక్కుబడి బిడ్డలు మన కాపరులలో ఎందరో ఉన్నారు. కృపను గూర్చి పౌలును, లూథరును చదువుకొన్న విద్యార్థి ఆ చదువును తన తల్లి ప్రార్థనమీద ఎన్నడూ ప్రయోగించి చూడలేదు. తల్లి ప్రార్థన ఒక గదిలో, కృపా సిద్ధాంతము మరియొక గదిలో ఉండిపోయినవి. మధ్య తలుపు ఆయనే మూసివేశాడు. ఆ విధముగా మూయుట మనమే ఆయనకు నేర్పాము.

ముగింపు

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములో ఇశ్రాయేలీయుడు ప్రథమఫలముల గంప తెచ్చి చెప్పవలసిన ఒప్పుకోలు ఉన్నది (26:5-10). అది తిరుగులాడిన తండ్రిని గూర్చి "అతడు" అని మొదలవుతుంది. ఐగుప్తు శ్రమ రాగానే "మేము" అవుతుంది. చివరకు గంప దించునప్పుడు "నేను" తెచ్చితినని, "నీవు" ఇచ్చితివని దేవునితోనే చెప్పుటతో ముగుస్తుంది. చరిత్ర, ఒప్పుకోలు, ఆరాధన ఒకే శ్వాసలో ఉన్నవి. 1981లో బెంగుళూరులో దళిత వేదాంతమునకు నాంది పలికిన అరవింద్ పి. నిర్మల్ ఈ వాక్యభాగమునే తన ఆలోచనకు మాదిరిగా తీసికొని, తన స్వంత పితరులను గూర్చి మాట్లాడాడు. నేడు అదే వేదాంతమును చదివే మన విద్యార్థి తన స్వంత నాయనమ్మ అనుభవించిన దానిని గూర్చి "దళితులు, వారు" అని వ్రాసి మార్కులు తెచ్చుకొంటున్నాడు. ఆమె "వారు" కాదు.

అధ్యాపకులకును తోటి కాపరులకును మూడు మనవులు. విద్యార్థి వ్రాయు ప్రతి సిద్ధాంత వ్యాసమునకు చివర, అదే సంగతిని తన సంఘములోని ఒక వ్యక్తికి తెలుగులో ఒక పేజీ ఉత్తరముగా వ్రాయించండి. వారాంతపు పరిచర్యకు పంపునప్పుడు ప్రసంగముల లెక్క మాత్రమే కాక, సంఘస్థులు అడిగిన ప్రశ్నలు వ్రాసి తెమ్మని చెప్పండి. సంఘ కాపరులమైన మనము సంవత్సరమునకు కనీసము కొన్ని ఆదివారములైనను విశ్వాస ప్రమాణమును వరుసగా బోధింతుము. బాంబులు పడుచుండగా ఒకడు బోధించగలిగినప్పుడు మనకు సాకు లేదు.

నోటుపుస్తకమును విద్యార్థికి తిరిగి ఇచ్చాను. ఎఱ్ఱ సిరాతో చాలా చోట్ల దిద్దాను గాని, ఆ పేజీ ప్రక్కన మాత్రము "ఇక్కడనుండి మొదలుపెట్టుము" అని వ్రాశాను. ఆయన ఇప్పుడు ఒక గ్రామ పాస్టరేటులో ఉన్నాడు. మొన్న ఫోను చేసి, వ్యాసము ఇంకా పూర్తికాలేదని, ఆ మ్రొక్కును గూర్చి తల్లితో మొదటిసారి కూర్చొని మాట్లాడానని చెప్పాడు. ఏమన్నదని అడిగాను. "మ్రొక్కు నాది, పిలుపు నీది, రెండూ ఒకటే అనుకోకు బిడ్డా, అన్నది" అన్నాడు.